పడవ నిండా చెప్పులు

జాలరిపేట చిట్టమ్మకు వారం రోజులుగా ఒకటే పని, చేతులు తోముకోవడం. పొయ్యి బూడిదతో ఒకసారి, సున్నిపిండితో ఒకసారి, నిమ్మచెక్కతో ఇంకోసారి. తోముకుని ముక్కు దగ్గర పెట్టుకుంటుంది, మొహం చిట్లించుకుంటుంది, మళ్లీ మొదలెడుతుంది. అరుగు మీద వల బాగుచేసుకుంటున్న మొగుడు ఎల్లాజీ చూసి చూసి ఉండబట్టలేకపోయాడు.

"ఒసే, సాల్లేయే. సర్మం ఊడొచ్చేత్తాది. పుట్టినకాడ్నించి సేపలు ముట్టిన సేతులు, వారానికి వాసన ఒగ్గుతాయేటి?"

"నీకేటి తెలుసు మావా? ఈ సేతుల్తోటే గుంట మాడుకి నూనెట్టాల. పెళ్లికూతురు సేపల కంపు కొడితే నా నేస్తం పరువేటవ్వాల?"

ఎల్లాజీ మళ్లీ వల అందుకున్నాడు. నేస్తం మాట వచ్చిందంటే ఆ ఇంట్లో ఇంకెవరి మాటా చెల్లదు.

నేస్తం అంటే ఊరికే స్నేహితురాలు కాదు. ఆ ప్రాంతంలో ఇద్దరు ఆడవాళ్లు నేస్తం కట్టుకున్నారంటే, దేవుడి ముందు ఒకరికొకరు చీర పెట్టుకుని, ఒకే ఆకులో అన్నం తిని, ఆ రోజు నుంచి ఒకరి పేరు మరొకరు పలకరు. ఇంట్లో పిలిచినా వీధిలో పిలిచినా "నేస్తం" అనే పిలవాలి. పేరు నోట వచ్చిన నాడు ఆ బంధం తెగిపోయినట్టే లెక్క.

ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతున్న రోజుల్లో ఎలమంచిలి పక్క పల్లె నుంచి నీలకంఠం అనే అతను ఉద్యోగానికి వచ్చి, పెళ్లాం సూర్యకళతో గోపాలపట్నంలో చిన్న వాటా అద్దెకు తీసుకున్నాడు. చిట్టమ్మ ఆ వీధికి చేపల గంప మోసేది. ఒక మధ్యాహ్నం సూర్యకళ గుమ్మంలోనే నొప్పులతో కూలబడిపోయింది. నీలకంఠం డ్యూటీలో ఉన్నాడు. కబురు పంపడానికి ఫోను లేదు, తోడు రావడానికి అత్తగారు లేదు. చిట్టమ్మ గంప నడివీధిలో వదిలేసి ఆమెను రిక్షా ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయింది. ఆ పూట గోపాలపట్నం కుక్కలు వంజరం చేపలతో పండగ చేసుకున్నాయి. పుట్టిన పిల్లకు నీలిమ అని పేరు పెట్టారు. ఆ పిల్ల మాడు మీద మొట్టమొదట నూనె పెట్టింది చిట్టమ్మే. పిల్లకు మెడ నిలిచాక సింహాచలం మెట్ల దగ్గర ఇద్దరూ నేస్తం కట్టుకున్నారు. "దీని పెళ్లినాడు కూడా మొదటి నూనె నీ సెయ్యే నేస్తం" అని సూర్యకళ పిల్లను ఆమె ఒళ్లో పెట్టి మాటిచ్చింది, చిట్టమ్మా పిల్ల తల నిమిరి మాటిచ్చింది.

అప్పటి నుంచి చిట్టమ్మ గంపలో అడుగున, తడిగుడ్డ కింద, ఒక మేలైన చేప దాగి ఉండేది. ఎవరెంత బతిమాలినా దాన్ని బయటకు తీసేది కాదు. అది నేస్తానిది.

అద్దె వాటా పోయి అదే వీధిలో సూర్యకళకు సొంత మేడ వచ్చింది, నీలిమ ఇంజినీరింగు చదివింది, సీతమ్మధార నుంచి పెద్దింటి సంబంధం కుదిరింది. రెండువేల తొమ్మిది కార్తీకంలో పెళ్లి. కల్యాణమండపంలో కాదు, ఎలమంచిలి అవతల చెరువు ఒడ్డున పల్లెటూరిలా కొత్తగా కట్టిన రిసార్టులో, శనాదివారాలు రెండు రోజులూనూ. నీలకంఠం పుట్టిన పల్లె అక్కడికి ఎంతో దూరం లేదు. ఆ నిజం పల్లెను వదిలేసి, డబ్బులిచ్చి అబద్ధం పల్లెలో పెళ్లెందుకో చిట్టమ్మకు ఎంత ఆలోచించినా బోధపడలేదు. అయినా శనివారం పొద్దున్నే పట్టుచీర కట్టుకుని, తన కులపు పద్ధతిలో గోచీ పోసుకుని, ఇత్తడి చెంబులో గానుగ నువ్వుల నూనె పోసి మూతికి గుడ్డ కట్టి, బస్సెక్కింది.

రిసార్టులో అడుగుపెట్టగానే ఆమె కళ్లు ఊరుకోలేదు. చూడకుండా వదిలిపెట్టే మనిషి కాదు. పాకలన్నిటికీ పైన తాటాకే. ఒక పాకలోకి తొంగిచూస్తే చలిగాలి కొట్టే మిషనూ, సెంటు కంపూ. ముంగిట్లో ముగ్గు ఉంది, వేలితో గీకి చూసింది, రాలేదు. అంటించిన ముగ్గు. స్నానాల గదికి పోతే గోడ భుజాల దాకే ఉంది, పైన ఆకాశం. అవతల చెట్టుమీద మనిషి ఎక్కితే అన్నీ కనపడతాయి. "సీ, సీ! డబ్బులిచ్చి బరితెగించడం ఇదేటమ్మా!" అనుకుని కాళ్లు మాత్రం కడుక్కుని బయటపడింది. గుంజకు కట్టిన ఆవు మెడలో ప్లాస్టిక్ బంతిపూల దండ ఉంది. ఆవు దాన్ని నమలబోయి ఉమ్మేసింది. దానికున్న తెలివి కూడా వీళ్లకు లేదు.

నల్ల చొక్కా వేసుకుని చేతిలో వాకీటాకీ పట్టుకున్న కుర్రాడొకడు ఎదురొచ్చాడు. పెళ్లి ఏర్పాట్లన్నీ చూసే ఈవెంటు మనిషి, పేరు దేవీప్రసాద్.

"ఏమ్మా, జాలరిపేట నుంచేనా?"

"అవును బాబూ. పెళ్లికే వచ్చినాను."

"పెళ్లికి కాకపోతే దేనికొస్తావు? లేటయ్యావు, రా. నీ ప్లేసు ఇక్కడ" అని పెళ్లి మండపం పక్కన పచ్చిక మీదికి తీసుకుపోయాడు. అక్కడ నిజం సముద్రపు పడవ ఒకటి ఉంది. ఎవరు అమ్ముకున్నారో పాపం, ముక్కు దగ్గర గంగమ్మ పూజకు రాసిన పసుపు మరక ఇంకా పూర్తిగా పోలేదు. దాని పక్కన పీట, పీట మీద ఎర్రగుడ్డ.

చిట్టమ్మకు కళ్లు చెమర్చాయి. నేస్తం ఎంత గుర్తుపెట్టుకుంది! జాలరోళ్ల ఆడపడుచని, పడవ పక్కనే పీట వేయించింది. వచ్చేవాళ్లంతా చూసేలాగ మండపం దగ్గరే కూర్చోబెట్టింది. ఆమె పడవ ముక్కుకు దణ్ణం పెట్టుకుని, చెంబు ఒళ్లో పెట్టుకుని, నిటారుగా కూర్చుంది. వచ్చేపోయేవాళ్లను పేరుపేరునా అడిగింది. మీరు అబ్బాయి వైపా, అమ్మాయి వైపా? పిల్లలెంతమంది? ఇంకా ఒక్కడేనా, ఏటి కారణం? వాళ్లు నవ్వుతూ జవాబు చెప్పి ఆమె పక్కన నిలబడి ఫోటోలు తీయించుకున్నారు. ఒక జీన్సు ప్యాంటు పిల్ల "ఆంటీ, గంప నెత్తిమీద పెట్టుకోండి, ఒక్క స్నాప్" అని ఖాళీ గంప అందించింది. పిల్ల సరదా పడుతోంది కదా అని పెట్టుకుంది.

ఈలోగా మండపం ఎక్కేవాళ్లు చెప్పులు విప్పడానికి చోటు వెతుక్కున్నారు. ముందు ఒకడు తన బూట్లు పడవలో పడేశాడు. అతన్ని చూసి ఇంకొకడు. కాసేపట్లో హైహీలు చెప్పులూ, తోలు చెప్పులూ, బురద అంటిన బూట్లూ పడవ అడుగంతా నిండాయి. చెప్పు కాలితో పడవెక్కితే ఎల్లాజీ కన్నకొడుకునైనా నీళ్లలోకి తోసేస్తాడు.

"ఓ బాబూ, పడవలో సెప్పులేటి? తియ్యండి, తియ్యండి!"

వాళ్లు పగలబడి నవ్వారు. "భలే యాక్షన్ చేస్తోందిరా!" అన్నాడొకడు. పెళ్లికొడుకు బాబాయట, సిల్కు లాల్చీ ఆయన, గుట్కా నమిలి నమిలి అదే పడవలోకి పిచిక్కున ఉమ్మేశాడు. ఆ ఎర్రటి చార పసుపు మరక పక్కనుంచి కిందికి జారింది.

కొంచెం దూరంలో కుమ్మరి సారె ముందు కూర్చున్న మనిషి ఇదంతా చూస్తున్నాడు. తలపాగా, పెట్టుడు మీసాలు. ఆమె అటు తిరిగింది.

"ఏమయ్యా, నువ్వైనా సెప్పు. ఇదేటన్యాయం?"

"మనకేలప్పా? సాయంత్రం దాకా కూకోడమే మన పని" అన్నాడు, అక్కను అప్పా అని పిలిచే ఆ వైపు మాటలో. అతని పేరు అప్పలరాజు. "నాను కుమ్మరోణ్ణేటి? ఎలమంచిలిలో ఆటో తోలతాను. కుండలు సెయ్యడం రాదు, సేత్తన్నట్టు తిప్పాల. అడిగో, ఆ సిలక జోస్యం ఆయన మెకానిక్కు. ఆ సిలకొక్కటే నిజం. ఇదంతా పల్లెటూరి అలంకారం. నీకెంత మాటాడేరు?"

"నాకేటి మాటాడడం? నాను పెళ్లికూతురి తల్లికి నేస్తాన్ని!"

అప్పలరాజు సారె తిప్పడం ఆపేశాడు. ఆమె పట్టుచీరనూ, ఎర్రగుడ్డ పీటనూ, నెత్తిమీది గంపనూ చూశాడు.

"మరైతే ఇక్కడేల కూకున్నావప్పా?" అన్నాడు మెల్లగా.

అప్పుడు తెలిసింది ఆమెకు. గంప దించి కింద పెట్టింది. పొద్దుటి నుంచి ఎంతమంది తన పక్కన నిలబడి పళ్లికిలించి ఫోటోలు దిగారో అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి ఒళ్లంతా చీమలు పాకినట్టయింది. ఇది ఆ నల్లచొక్కా వాడి తప్పు, నేస్తానికి తెలిస్తే వాడి తాట ఒలుస్తుంది, అనుకుని లేచింది. సరిగ్గా అప్పుడే సూర్యకళ వియ్యపురాలిని వెంటబెట్టుకుని అటే వస్తోంది. వియ్యపురాలు అనూరాధ గారు, మెడనిండా పచ్చల హారాలు, చేతిలో సెంటు రుమాలు.

"వదిన గారూ, ఈ చేపలామె గెటప్ ఎంత నేచురల్‌గా ఉందండీ! ఎక్కడ పట్టారు?"

"నేస్తం!" అంటూ చిట్టమ్మ నవ్వుతూ రెండడుగులు ముందుకు వేసింది.

సూర్యకళ ఆగింది. చిట్టమ్మ మొహం చూసింది, వియ్యపురాలి మొహం చూసింది. గొంతు సవరించుకుంది.

"ఆఁ, ఈవిడా... చిట్టమ్మ అని. మా వీధికి చేపలు తెస్తుందండీ. ఈవెంటు వాళ్లు పిలిచినట్టున్నారు. కూర్చో చిట్టమ్మా, కూర్చో."

చిట్టమ్మా.

ఇరవై ఏళ్లు దాటినా ఆ నోట ఆ పేరు రాలేదు. నొప్పుల్లో గావుకేకలు పెట్టినప్పుడు ఇంకా పేరు తెలియదు, తెలిశాక నేస్తమే.

అనూరాధ గారు ఒకడుగు దగ్గరికొచ్చి, రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "వాసన కూడా నేచురలే" అని నవ్వింది. సూర్యకళ కూడా నవ్వింది. ఇద్దరూ మండపం వైపు వెళ్లిపోయారు. వారం రోజులు నిమ్మచెక్కలతో తోమిన చేతులు చిట్టమ్మ కొంగు కింద దాచుకుంది.

సాయంత్రం భోజనాలప్పుడు దేవీప్రసాద్ అలంకారపు మనుషులకు వంటపాకల వెనక పొట్లాలు పంచాడు. చిట్టమ్మకూ ఒకటి ఇచ్చాడు. ఆమె తీసుకోలేదు. అక్కడి నుంచి చూస్తే ఆ పెళ్లి వీపు అంతా కనపడుతోంది. ముందర కార్తీకమాసమని పాలకోవాలూ పనసకాయ బిర్యానీలూ వడ్డిస్తున్నారు. వెనక చెట్లచాటున పెళ్లికొడుకు స్నేహితులు సీసాలు దించుకుని చెరువు చేపలు వేయించుకుంటున్నారు, పొద్దున మెళ్లో రుద్రాక్షలు వేసుకుని ఫోటో దిగినవాళ్లే. పనివాళ్లు ఎంగిలి విస్తళ్లు బుట్టలతో తెచ్చి చెరువు నీళ్లలోనే గుమ్మరిస్తున్నారు. ముద్ద ముట్టని బిర్యానీ, కొరికి వదిలిన గారెలు, చేతులు తుడిచిన కాగితాలు. చెరువు అంచు నూనె తెట్టుకట్టి పులిసిన కంపు కొడుతోంది. కడుపు నింపే నీళ్లలో ఎంగిలి వేయడం ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ముక్కు మూసుకుంది.

"ఏలప్పా ఈ రోతలో? రా, బస్టాండు కాడ దించెత్తాను" అన్నాడు అప్పలరాజు మీసాలు పీక్కుంటూ.

చిట్టమ్మ ఒళ్లో చెంబు చూసుకుంది.

"గుంటకి మాటిచ్చీసినాను తమ్ముడా. నూనెట్టేసి ఎల్తాను."

"ఎట్టనిత్తారంతావా?"

చిట్టమ్మ చెంబు కొంగులో దాచుకుని లేచింది. వంటకొచ్చిన ఆడవాళ్ల పక్కన, బియ్యం బస్తాల గదిలో ఆ రాత్రి తలదాచుకుంది.

ఆదివారం తెల్లవారింది. చలిమంచు ఇంకా విడలేదు. మండపం పక్కన మంగళస్నానానికి పీటలు వేస్తున్నారు, సన్నాయి మొదలైంది. చిట్టమ్మను ఎవరూ పిలవలేదు. పిలవని చోటికి పోయి నిలబడేది కాదు. పడవ దగ్గరికి వెళ్లింది. రాత్రి ఇంకెంతమంది ఏమేమి పడేశారో, చెప్పుల మధ్య చికెన్ బొమికలు, ఖాళీ గ్లాసులు. కొంగు నడుముకు చుట్టి, ఒక్కొక్క చెప్పూ తీసి పచ్చిక మీద పెట్టడం మొదలుపెట్టింది. బొమికలు ఆకుతో ఎత్తింది. గుట్కా మరక తడిగుడ్డతో రుద్దింది. మరక పోయేదాకా ఆపలేదు.

వెనక పరుగు చప్పుడు. సూర్యకళ. పట్టుచీర చెంగు జారుతోంది, మొహాన చెమట.

"నేస్తం, ఎక్కడున్నావు? ఊరంతా వెతుకుతన్నాను! బేగి రా."

చిట్టమ్మ తల ఎత్తలేదు. ఇంకో బూటు తీసి కింద పెట్టింది.

"నీలిమ పీట మీద కూకుని మొండికేసింది. అమ్మ నేస్తం వచ్చి నూనెడితే గాని నలుగు ముట్టనంటోంది. అవతల వియ్యాలోరు వింతగా చూత్తన్నారు. నా పరువు పోతాది, రా నేస్తం."

నిన్నటి వరకు ఎక్కడో దాక్కున్న ఎలమంచిలి యాస పరువు పోయేసరికి తిరిగొచ్చేసింది.

"నిన్న నా పేరేటన్నావు?" అంది చిట్టమ్మ.

సూర్యకళ అటూ ఇటూ చూసింది. "ఆవిడ ముందర ఏటి సెప్పాల? సేపలమ్మే మనిసి నా నేస్తమని సెప్పితే, ఆళ్లు... ఏదో నోరు జారింది. అంత పట్టించుకుంతావేటి?"

"నోరు జారినోళ్లు నాలిక్కరుసుకుంతారు. నువ్వు నవ్వినావు."

సూర్యకళ ఏడవబోయింది. చిట్టమ్మ చేతులు తడిగుడ్డకు తుడుచుకుని చెంబు తీసుకుంది. "నీ కోసం కాదు. మాట ఆ గుంటకిచ్చినాను" అని ముందు నడిచింది.

నీలిమ పసుపు చీరలో పీట మీద ముడుచుకుని కూర్చుంది. చిట్టమ్మను చూడగానే మొహం విప్పారింది. "నేస్తమ్మా, నిన్నంతా ఎక్కడికి పోయావు? నాకు మేకప్ వేసేవాళ్లు గదిలోంచి కదలనివ్వలేదు" అంది.

"ఈ గెటప్ ఆవిడెందుకు?" అంది అనూరాధ గారు.

"నేను పుట్టినప్పుడు నా మాడుకి నూనె పెట్టింది ఈవిడే అత్తయ్యా. మా అమ్మ నేస్తం" అంది నీలిమ. చుట్టూ ఉన్నవాళ్లు సూర్యకళ వైపు తిరిగారు. "అవునండీ, నా నేస్తం" అంది సూర్యకళ. ఆ మాట సన్నాయిలో ఎవరికీ వినపడలేదు.

చిట్టమ్మ చెంబు మూతి గుడ్డ విప్పింది. నూనె అరచేతిలో పోసుకుని నీలిమ మాడు మీద పెట్టి మెల్లగా అద్దింది. "సల్లగుండు తల్లీ. పిల్లాపాపల్తోటి పచ్చగుండు" అంది. మూడుసార్లు పెట్టింది. పిల్ల కళ్లు మూసుకుంది. ఆ ఒక్క చోట, ఆ రెండు రోజుల్లో, అబద్ధం లేదు.

ముహూర్తం దాకా చిట్టమ్మ ఆగలేదు. గేటు దాటుతుంటే సూర్యకళ చీర పళ్లెంతో వెనకే వచ్చింది.

"చీర మరిసిపోనావు నేస్తం."

"ఇది ఎవులికి? నేస్తానికా, అలంకారానికొచ్చినదానికా?"

సూర్యకళ పళ్లెంలో చీర మడత సర్దింది. లోపల నుంచి ఎవరో ఆమెను పిలుస్తున్నారు. వెనక పచ్చిక మీద పరిచి ఉన్న చెప్పుల్లో మగవాళ్లు తమవేవో వెతుక్కుంటూ, ఏ బుద్ధిలేని మనిషి తీసి పడేశారో అని తిట్టుకుంటున్నారు.

"లోపలికెల్లు. పని సూసుకో" అంది చిట్టమ్మ. అప్పలరాజు ఆటో తెచ్చాడు. ఎక్కి వెళ్లిపోయింది.

కార్తీకం వెళ్లి పోలిపాడ్యమి వచ్చింది. నెలరోజులు నీచు మానిన ఇళ్లన్నీ ఆ పొద్దున చేపల కోసం మొహం వాచి ఉంటాయి. గోపాలపట్నం వీధిలో ఆడవాళ్లంతా గిన్నెలు పట్టుకుని గేట్ల దగ్గరే నిలబడ్డారు. చిట్టమ్మ గంప దిగిన ప్రతి గుమ్మం దగ్గరా బేరాలూ వేళాకోళాలే. "ఏమప్పా, నెల్లాళ్లకే సిక్కిపోనావు. ఇలాటోళ్లని సేపలు తిననీకుండా ఏల సేత్తారో!" అంటే అవతలామె నవ్వి ఇంకో రెండు కానాగంత చేపలు ఎక్కువ లాక్కునేది.

మేడ గేటు దగ్గర సూర్యకళ పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడూ ఆ రోజున గంప అడుగు నుంచి మొదటి చేప ఆమెకే. ఆమె చూపు గంపలోకి, తడిగుడ్డ వైపు పోయింది.

చిట్టమ్మ గంప దింపింది. చేపలు ఒక పక్కకు జరిపి, అడుగునున్న తడిగుడ్డ తీసి పక్కన పెట్టింది. దాని కింద ఏమీ లేదు. ఒట్టి గంప అడుగు.

"సూర్యకళ గారూ, రొయ్యలున్నాయి, కానాగంతలున్నాయి. ఏటి కావాల?"

పక్క గేట్ల దగ్గర మాటలు ఆగిపోయాయి. ఇరవై ఏళ్లకు పైగా ఆ వీధిలో ఎవరూ వినని పిలుపది. చిట్టమ్మ ఏ బేరగత్తె ముందు నిలబడినట్టే నిలబడి, తొందరపెట్టకుండా ఎదురుచూసింది.

"ఏవైనా వెయ్యి" అంది సూర్యకళ చివరికి.

చిట్టమ్మ అందరికీ వేసినట్టే కానాగంతలు వేసింది. పొలుసులంటిన చేతులు కొంగుకు తుడుచుకుని గంప నెత్తికెత్తుకుంది. పక్కింటి గేటు ముందు ఆమె కేక ఎప్పటిలాగే ఖంగున మోగింది.